తప్పెటకు తాళం

రాజాంలో పాలకొండ రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక సందులో గ్లోరీ ఇల్లు. ముందు గదుల్లో కాపురం, వెనక గదిలో పాటలు. ఆ వెనక గదికున్న ఒక్క కిటికీని ఆమె పాత బొంతలు కుట్టి మూసేసింది. తలుపుకు లోపలివైపు ఇంకో బొంత. రికార్డింగు జరిగేటప్పుడు ఫ్యాను ఆపెయ్యాలి కాబట్టి, అక్కడికొచ్చి పాడినవాళ్లంతా చెమటలు కారుతూ పాడినవాళ్లే. సందులో ఆటో హారను మోగితే మళ్లీ మొదటినుంచి.

గ్లోరీ తండ్రి మిషను స్కూల్లో టీచరు. ఆదివారాలు బాప్టిస్టు చర్చిలో హార్మోనియం వాయించేవాడు. తొమ్మిదేళ్ల వయసులో ఆయన పక్కన బల్ల మీద కూర్చుని గ్లోరీ మెట్లు పట్టుకోవడం నేర్చుకుంది. ఆయన చూపు మందగించాక ఆ బల్ల మీద ఆమె ఒక్కతే కూర్చుంది. బీకాం చదివింది, ఉద్యోగం రాలేదు. ఒక ప్రైవేటు స్కూల్లో పాటలు నేర్పుతుండగా బస్సు కండక్టరు రాబర్ట్‌తో పెళ్లయింది. 2009లో కంప్యూటరు కొన్నారు. అప్పటినుంచి ట్రాకులు చెయ్యడమే ఆమె పని. ట్రాకంటే పాడే గొంతు లేకుండా వాయిద్యాలు మాత్రమే ఉన్న సంగీతం. దాన్ని పెన్‌డ్రైవులో పట్టుకెళ్లి, స్టేజి మీద మోగించుకుని, పైన తమ గొంతు కలుపుకుంటారు. క్రిస్మసు కార్యక్రమాలకు, స్కూలు వార్షికోత్సవాలకు, ఊరి పండగలకు చీపురుపల్లి నుంచి పాలకొండ దాకా జనం ఆమె దగ్గరికే వచ్చేవారు. అమ్మవారి పాటలకు కూడా ట్రాకులు చేస్తోందని చర్చిలో కొందరు గొణిగారు. ఆమె వినిపించుకోలేదు.

మనిషి మంచిది, పనిలో గట్టిది. అనుమానం మాత్రం ఎక్కువ. దానికి కారణం లేకపోలేదు. మొదట్లో ఒక పెద్దమనిషి వచ్చి, విని ఇచ్చేస్తానని ఆరు ట్రాకులు పట్టుకెళ్లి, వాటి మీద తన పేరు వేసుకుని సీడీలు కొట్టించాడు. అప్పటినుంచి ఎవరైనా గదిలోకి అడుగుపెడితే గ్లోరీ చెయ్యి ముందు స్క్రీను ఆపే మీట మీదికి పోయేది. టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లినా గదికి తాళమే.

“నా టిక్కెట్ల మిషను కూడా నువ్వే దాసీ,” అని రాబర్ట్ ఎగతాళి చేసేవాడు.

ఆమె స్క్రీను ఆపనిది ఒక్క భాస్కర్ దగ్గరే.

భాస్కర్‌ది కళింగపట్నం. తండ్రి వేటకెళ్లేవాడు, తల్లి ఎండుచేపలు అమ్మేది. కంప్యూటర్లు చదివి, రాజాంలో ఒక కాలేజీ ల్యాబులో పనికి కుదిరాడు. 2010లో గ్లోరీ కంప్యూటరు మొరాయిస్తే బాగుచెయ్యడానికి వచ్చి, అది బాగయ్యాక కూడా రావడం మానలేదు. సాయంత్రం ల్యాబు మూసి సైకిలు మీద వచ్చేవాడు. ఆమెను అక్కా అనేవాడు. వాయించడం రాదు గాని, చెవి మంచిది. ఏ వాయిద్యం ఎక్కడ శ్రుతి జారిందో చెప్పేసేవాడు.

మరుసటేడు ఒక ఊరి పండగ కమిటీ వాళ్లు తప్పెటగుళ్ల దరువుతో ట్రాకు కావాలన్నారు. తప్పెటగుళ్లంటే ఆ ప్రాంతంవాళ్లకి చెప్పక్కర్లేదు. గుండ్రటి తప్పెటను ఛాతీ మీద కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో గెంతుతూ, రెండు చేతులా కొడుతూ పాడతారు. గ్లోరీ పాటలు కట్టే సాఫ్ట్‌వేరులో తబలా ఉంది, డోలకు ఉంది, ఎక్కడో ఆఫ్రికా డప్పు కూడా ఉంది. వాటిలో దేనితో కట్టినా దరువు కుంటుతోంది.

“మనవే సేసుకుందాం అక్కా,” అన్నాడు భాస్కర్. “మనిషిని పిలిసి ఒక్కో దెబ్బా రికార్డు సేద్దాం. దాన్ని ప్లగిన్ కింద మార్చే పని నాది.”

ప్లగిన్ అంటే వాయిద్యం దాగున్న చిన్న ప్రోగ్రాము. దాన్ని పెద్ద సాఫ్ట్‌వేరుకి తగిలిస్తే, కీబోర్డు మీద మెట్టు నొక్కినప్పుడల్లా ఆ వాయిద్యం పలుకుతుంది. 

గజపతినగరం దగ్గరి పల్లె నుంచి గంగరాజు వచ్చాడు. గొర్రెల కాపరి, పది మంది బృందానికి గురువు. అప్పటికే యాభై దాటినా ఛాతీ పలకలా ఉండేది. రెండు రోజులు ఆ ఉక్కపోత గదిలో నిలబడి, మెల్లగా, గట్టిగా, అంచున, నడుమన, చెప్పినట్టల్లా కొట్టాడు.

“ఇదేటి పాట గ్లోరమ్మా, ఒక్కో దెబ్బే కొట్టమంటన్నావు?”

“పాటకే మావా. తర్వాత అతుకుతాం.”

ఆయన తలూపాడు. భాస్కర్ ఎక్కడో ఉచితంగా దొరికిన ఒక పనిముట్టు పట్టుకుని, నెల రోజులు కుస్తీపట్టి, మూడొందల దెబ్బలనీ ఒక ప్లగిన్‌గా కట్టాడు. దానికి ‘గంగరాజు గుళ్లు’ అని పేరుపెట్టారు. ఒక్క దెబ్బలో మాత్రం, గంగరాజు కాలు కదిపినప్పుడు మోగిన గజ్జె చప్పుడు సన్నగా మిగిలిపోయింది. తీసెయ్యబోతే గ్లోరీయే వద్దంది.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆమె చేసిన ట్రాకుల్లో సగానికి పైగా ఆ గుళ్లు మోగాయి. వినగానే ఇది రాజాం గ్లోరీ గారిది అని పోల్చుకునేవారు.

2015లో భాస్కర్ పెళ్లి చేసుకుని విజయనగరం వెళ్లిపోయాడు. పెళ్లికూతురికి అక్కడ నర్సు ఉద్యోగం. కోటకు దగ్గర్లో ఒక మేడమీద గది తీసుకుని సొంతంగా స్టూడియో పెట్టుకున్నాడు. గుళ్లు ఇద్దరూ చేసినవే కాబట్టి చెరో కాపీ ఉంచుకున్నారు. వెళ్లేముందు గుమ్మంలో నిలబడి ఒక మాట అన్నాడు.

“అక్కా, ఈ కంప్యూటరు మార్చాల్సొస్తే ముందు నాకు ఫోన్ సెయ్యి.”

“అలాగేలే,” అంది గ్లోరీ.

ఆ ఏడాది వార్షికోత్సవానికి, ఆమె చేతే ఏటా పాటలు చేయించుకునే ఒక స్కూలు వాళ్లు విజయనగరం భాస్కర్ దగ్గరికి పోయారు. వాళ్లు తనను పిలిచారో, తనే వాళ్లను పిలిచాడో గ్లోరీకి తెలియదు. అడగలేదు. మనసులో మాత్రం ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది.

2016 వేసవిలో ఒక మధ్యాహ్నం ఉరుములతో వాన వచ్చింది. కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయి, ఒక్కసారిగా బల్బులు తెల్లగా వెలిగేంత వోల్టేజీతో వచ్చింది. కంప్యూటరు లోపల చిటపటమని ఏదో కాలిన వాసన. బజారులో కంప్యూటర్లు అమర్చే సుందరరావు వచ్చి చూసి, హార్డ్ డిస్కు తప్ప ఏదీ మిగల్లేదన్నాడు. కొత్తది కట్టించక తప్పలేదు. భాస్కర్‌కి ఫోన్ చెయ్యాలని ఆమెకు గుర్తొచ్చింది. ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా. స్కూలు సంగతి గుర్తొచ్చి పక్కన పెట్టేసింది.

సుందరరావు నాలుగు రోజుల్లో కొత్త కంప్యూటరు తెచ్చాడు. అందులో కొత్త విండోసు, పాటల సాఫ్ట్‌వేరులో కొత్త వెర్షను. పియానో, వయొలిన్లు, వేణువు, మిగతా వాయిద్యాలన్నీ నెట్‌లోంచి కొత్తగా దించి పెట్టాడు. పాత డిస్కులోని పాటలూ, గంగరాజు గుళ్లూ అందులోకి ఎక్కించాడు.

గ్లోరీ ఒక పాత పాట తెరిచింది. పియానో పలికింది. వేణువు పలికింది. గుళ్లు ఉండాల్సిన వరసలో మాత్రం, ఈ వాయిద్యం దొరకలేదని ఇంగ్లీషులో ఒక ముక్క. ఆమె ఒక్కో దెబ్బా ఎక్కడ పడాలో పేర్చిన గుర్తులన్నీ అలాగే ఉన్నాయి. పాట ఎక్కడిదాకా వచ్చిందో చూపే గీత వాటి మీదుగా వెళ్తోంది. చప్పుడు లేదు.

“వైరస్సేటి?” అని అడిగింది.

సుందరరావు చాలాసేపు నొక్కి చూశాడు. “వైరస్ గాదు మేడం. ఫైలు ఉన్నాది, సూడండి. సైజూ తగ్గలేదు. కానీ తెరుసుకోటం లేదు.” కాసేపు గెడ్డం గోక్కున్నాడు. “ఎవులు సేసినారిది?”

“భాస్కర్.”

“అయితే తాళం ఏసుంటాడు. సొంతంగా సేసినోల్లు అలాగే ఏస్తారు. ఇంకో కంప్యూటర్లో పలక్కండా.”

ఆ మాట గదిలో పడింది. సుందరరావు తన సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు, మాట మాత్రం వెళ్లలేదు.

అన్ని వాయిద్యాలూ పలుకుతున్నాయి. అతను చేసిన ఒక్కటే పలకడం లేదు. గ్లోరీ ఆ రోజు వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ, ఐదేళ్ల మాటలన్నీ ఒక్కొక్కటిగా బయటికి తీసింది. కాపీ పెన్‌డ్రైవులో ఇచ్చేటప్పుడు అతను ఎందుకంతసేపు తీసుకున్నాడు? ప్లగిన్ ఎలా కట్టాడో తనకెప్పుడూ ఎందుకు చూపించలేదు? అన్నిటికంటే ఆ గుమ్మంలో అన్న మాట. కంప్యూటరు మార్చేముందు నాకు ఫోన్ చెయ్యి. మారిస్తే ఏమవుతుందో ముందే తెలిసినవాడు తప్ప ఆ మాట ఇంకెవరంటారు?

వారం తిరక్కముందే రాబర్ట్ డ్యూటీ దిగి వచ్చి, తన ఫోన్ ఆమె ముందు పెట్టాడు. “విజినారంలో ఎక్కినోడెవడో బస్సులో పెట్టినాడు. మన గుళ్లలాగున్నాదని నానూ ఎక్కించుకున్నాను.”

ఏదో కొత్త జానపదం. పాట సగంలో తప్పెట అందుకుంది. గ్లోరీ ఫోన్‌ని చెవికి ఆనించుకుని మూడుసార్లు వింది. మూడోసారి ఆ దెబ్బ వెనక సన్నగా గజ్జె వినిపించింది.

“భాస్కర్ సేసిందే ఇది. ఆడి దగ్గర పలుకుతున్నాది. నా దగ్గర పలకదు. ఇంకేటి కావాల?”

“ఆడ్నే అడగరాదేటి?”

“అడిగితే నిజం సెప్తాడేటి?”

“అడక్కపోతే అసలే సెప్పడు,” అని రాబర్ట్ చొక్కా విప్పుకుంటూ స్నానానికి పోయాడు.

మర్నాడు గ్లోరీ ఫోన్ చేసింది. సూటిగా అడగలేదు. అతను తడబడితే పట్టుకోవాలని ముందే మాటలు సిద్ధం చేసుకుంది. వానలెలా ఉన్నాయి, భార్యకి డ్యూటీలెలా ఉన్నాయి అంటూ మొదలుపెట్టి, మధ్యలో మామూలుగా అడిగినట్టు, “గంగరాజు గుళ్లు వాడతన్నావా?” అంది.

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది.

“వాడతన్నాను. ఏం అక్కా, కంప్యూటరు మార్చేసేవా?”

తను ఆ మాటే ఎత్తలేదు. అతనికెలా తెలిసింది?

“లేదు. పాతదే,” అంది.

“గుళ్లు బాగానే పలుకుతున్నాయా?”

“బ్రహ్మాండంగా పలుకుతున్నాయి.”

“అయితే సరే,” అన్నాడు. ఆ ‘సరే’లో ఊరట వినిపించింది ఆమెకు. దొరికిపోలేదనే ఊరట అనుకుంది.

ఇక ఆగలేకపోయింది. ఆ శనివారం బొబ్బిలి మీదుగా బస్సులు మారి గజపతినగరం చేరి, అక్కణ్ణుంచి ఆటోలో గంగరాజు పల్లెకు వెళ్లింది. గంగరాజు మందను తోటలో వదిలి, చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. అన్నం గిన్నె తెచ్చిన భార్య బుల్లమ్మ కూడా పక్కనే ఉంది.

“గ్లోరమ్మా! ఇన్నేల్లకి దారి కనపడిందేటి?”

“నీ గుళ్లకి భాస్కర్ తాళం ఏసీసినాడు మావా. అది సెప్దామనే వచ్చేను.”

గంగరాజుకు అర్థం కాలేదు. “నా గుళ్లకా? అయ్యి ఇంట్లో దూలానికి ఏలాడతన్నాయి. పొద్దున్నే సూసేను.”

“అయ్యి కాదు మావా. మనం రికార్డు సేసినవి.” ఆమె తన ఫోన్‌లో పాత ట్రాకు ఒకటి పెట్టింది. గంగరాజు తల వంచి విన్నాడు. వేళ్లు మోకాలి మీద దరువేశాయి. అంతలోనే ఆగిపోయాయి.

“ఇది నానే.”

“అవును మావా.”

“ఈ పాట నానెప్పుడు వాయించేను?”

“నువ్వు వాయించలేదు. నీ దెబ్బలన్నీ కంప్యూటర్లో ఉన్నాయి కదా. వాటిని పేర్చి నేనే వాయించేను.”

గంగరాజు ఆమె ముఖంలోకి చూశాడు. అప్పటిదాకా ఆ కళ్లల్లో ఉన్న ఆప్యాయత మెల్లగా వెనక్కి తగ్గింది.

“ఎన్ని పాటలకి?”

ఆమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

“మూడేల్లయ్యి రాజాం వైపు పండగలకి మమ్మల్ని పిలవటం మానీసినారు,” అన్నాడు గంగరాజు నెమ్మదిగా. “ఎందుకో అనుకున్నాను. ఈ గెంతులు జనాలకి మొగం మొత్తినాయనుకున్నాను. మావోల్లు నలుగురు బేరాలు లేక ఇసాపట్నం పనులకి పోనారు. అయితే నానే ఎల్లి వాయించీసి వస్తన్నానన్నమాట. నాకు తెలకుండా.”

“మావా, అదికాదు...”

“రెండ్రోజులు కొట్టించినారు,” అంది బుల్లమ్మ. “అరిసేతులు వాసిపోయి వచ్చినాడు. ఆముదం రాసేను. ఒక్క పాటకి ఇంత కొట్టుడేటి అనుకున్నాం.”

“భాస్కర్ని దొంగంటన్నావు,” అన్నాడు గంగరాజు. “ఆడు దొంగో కాదో నానెరగను. మరి నువ్వేటి గ్లోరమ్మా?”

ఆయన అరవలేదు. లేచి, కర్ర తీసుకుని, దూరంగా పోతున్న గొర్రెల వైపు నడిచాడు. బుల్లమ్మ మాత్రం ఆమెకు మజ్జిగ పోసి ఇచ్చింది. గ్లోరీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది.

తిరుగు ప్రయాణమంతా ఆ ప్రశ్న పక్క సీట్లో కూర్చున్నట్టే ఉంది. తన ఆరు ట్రాకులు ఎత్తుకుపోయిన మనిషి గుర్తొచ్చాడు. అతను కూడా తనను అడగలేదు. తను గంగరాజును అడిగిందా? ‘తర్వాత అతుకుతాం’ అన్న మాట తప్ప ఏం చెప్పింది? ఈ ఆలోచన భరించలేక ఆమె మళ్లీ భాస్కర్ మీదికే పోయింది. అతను తాళం వెయ్యకపోతే ఇదంతా బయటికొచ్చేదే కాదు కదా. మండిపడటానికి అతనైతే సులువుగా దొరుకుతాడు.

బుధవారం ముందుగా చెప్పకుండా రాబర్ట్ బస్సులోనే విజయనగరం వెళ్లింది. దారిలో రాబర్ట్ టిక్కెట్లు కొట్టడం అయ్యాక వచ్చి పక్కన నిలబడ్డాడు.

“ఆడు తాళం తీసి ఇచ్చేస్తే ఏటి సేస్తావు?” అని అడిగాడు.

ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

భాస్కర్ మేడమీది గదిలో ఒక్కడే ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ఎప్పటిలా నవ్వలేదు.

“రండి మేడం.”

ఆరేళ్లలో అతను ఆమెను మేడం అనడం అదే మొదలు.

“గంగరాజు గారు ఫోన్ సేసినారు,” అన్నాడు. “గుళ్లకి తాళం ఏసేవట కదా, తియ్యి అన్నారు. ఏ తాళమో నాకు అర్థం కాలేదు. పాతది బాగానే పలుకుతున్నాదని మీరు సెప్పి నాలుగు రోజులు కూడా కాలేదు అప్పటికి.”

గ్లోరీ తగ్గలేదు. గది నాలుగు మూలలా చూసింది. బల్ల మీద కొత్త కంప్యూటరు. బల్ల కింద తువ్వాలు కప్పిన ఇంకేదో.

“దాని కింద ఏటున్నాది?”

భాస్కర్ వంగి తువ్వాలు లాగేశాడు. మాసిపోయిన పాత కంప్యూటరు. “సూద్దామనే కదా వచ్చేరు. కూర్చోండి.”

ముందు కొత్తదానిలో ఒక పాట తెరిచాడు. గుళ్ల వరసలో అదే మాట, ఈ వాయిద్యం దొరకలేదని. తర్వాత పాతది ఆన్ చేశాడు. అది లేవడానికి ఐదు నిమిషాలు పట్టింది. అదే పాట అందులో తెరిస్తే తప్పెట గణగణమంది.

“నా దగ్గర కూడా కొత్తదాన్లో పలకదు,” అన్నాడు భాస్కర్. “పాత కంప్యూటర్లు, పాత సాఫ్ట్‌వేర్లు ముప్పైరెండు బిట్లవి. ఇప్పుడొచ్చేవి అరవైనాలుగు, భాషే మారిపోయినట్టు. మన ప్లగిన్ ముప్పైరెండుకి కట్టింది. నేను వాడిన ఫ్రీ పనిముట్టుకి అంతకన్నా రాదు. రెండిటికీ పడదు, అంతే. మిగతా వాయిద్యాలు సేసిన కంపెనీలోల్లు కొత్తవి కట్టి నెట్‌లో పెట్టీసినారు, అందుకే అవి మీ దగ్గర పలికేయి. మనదానికి కంపెనీ నేనే. నాకు రాలేదు.”

“మధ్యలో ఏదీ లేదా?”

“వంతెనలాంటి ప్రోగ్రామొకటి ఉన్నాది. పెట్టి సూసేను. పావుగంటకోసారి మొత్తం మూసుకుపోతన్నాది. అందుకే ఈ డబ్బాని దాసుకున్నాను.”

“ముందే తెలిస్తే నాకెందుకు సెప్పలేదు?”

“మార్చేముందు ఫోన్ సెయ్యమన్నాను కదా.”

“ఎందుకో సెప్పలేదు.”

భాస్కర్ పాత కంప్యూటరు మీది దుమ్ము చేత్తో తుడిచాడు. “నిజమే. సెప్తే నేను కట్టింది పనికిరాదని నేనే సెప్పుకోవాల. ఏదో ఒక దారి దొరికేక సెప్దామనుకున్నాను. అందుకే ఫోన్‌లో అడిగేను. లేదు, పాతదే అన్నారు. ఊపిరి పీల్చుకున్నాను.”

గ్లోరీకి నమ్మాలనే ఉంది. కానీ లోపలి మనిషి ఇంకా లొంగలేదు. రెండు కంప్యూటర్లూ అతనివే. ఏది పలకాలో ఏది పలకకూడదో అతనే పెట్టి ఉండొచ్చు. ఆ ఆలోచన ఆమె ముఖంలో కనిపించిందేమో, భాస్కర్ పాత కంప్యూటరు ఆపేశాడు.

“నా మాట వద్దు. మీ డిస్కులో ఉన్న మీ కాపీయే తీసుకెల్లి, ఏదన్నా పాత కంప్యూటర్లో పెట్టి సూడండి. నేను ముట్టుకోని దాన్లో. పలికితే తాళం లేనట్టు.”

ఆమె టీ కూడా తాగకుండా దిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే పెన్‌డ్రైవు పట్టుకుని సుందరరావు షాపుకు వెళ్లింది. మూలన రిపేరుకొచ్చిన పాత కంప్యూటరు ఒకటి ఉంటే, దాన్లో పాత వెర్షను పెట్టించి, తన కాపీ ఎక్కించి, షాపులో ఉన్న చిన్న స్పీకర్లలో విన్నది. మొదటి దెబ్బకే గంగరాజు పలికాడు. షాపులోకొచ్చినవాళ్లు తిరిగి చూశారు.

“తాళమన్నావు కదా సుందరరావూ?”

అతను తల దించుకున్నాడు. “ఊరికే అన్నాను మేడం. ఎందుకు పలకటం లేదో నాకు తెలీలేదు. తెలీదంటే బాగోదని.”

గ్లోరీ పెన్‌డ్రైవు ఊడదీసుకుంది. అతను ఒక్క మాటే అన్నాడు. దాన్ని గజపతినగరం దాకా మోసుకెళ్లింది తను.

ఇంటికొచ్చి భాస్కర్‌కి ఫోన్ చేసింది. ఈసారి వానల గురించి అడగలేదు. “నీమీద అనుమానపడ్డాను. నీతో అబద్ధం ఆడేను. గంగరాజు మావకి లేనిది సెప్పేను. తప్పు నాది,” అంది. అవతలనుంచి “సరే మేడం,” అని మాత్రం వినపడింది. రెండో రోజు రాబర్ట్ బస్సులో, డ్రైవరు పక్కన పెట్టిన అట్టపెట్టెలో, ఒక చిన్న హార్డ్ డిస్కు వచ్చింది. అందులో 2011లో రికార్డు చేసిన మూడొందల దెబ్బలూ ప్లగిన్‌లోకి కట్టకముందు ఎలా ఉన్నాయో అలా ఉన్నాయి. పైన చీటీ మీద, ఇవి ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటాయి, రికార్డు చేసిన చప్పుళ్లని మెట్ల మీద పలికించే కొత్త సాంప్లర్ ఏదైనా తీసుకుని మెట్టుకొకటి చొప్పున పేర్చుకోండి అని రాసుంది.

పేర్చడానికి గ్లోరీకి పదకొండు రోజులు పట్టింది. గుళ్లు కొత్త కంప్యూటర్లో మళ్లీ మోగాయి. ఒక ఊరి పండగ కమిటీవాళ్లు తప్పెట ట్రాకు కోసం రెండుసార్లు వచ్చిపోయారు. ఆమె దాన్ని పూర్తిచెయ్యకుండా గజపతినగరం వెళ్లింది.

గంగరాజు ఈసారి ఇంట్లోనే ఉన్నాడు. తాళం లేదనీ, తనే పొరబడ్డాననీ చెప్పింది. ఆయన విన్నాడు.

“పలికిందన్నమాట. అయితే ఇప్పుడేటి సేస్తావు?”

“పండగ పాటలకి దాన్ని వాడను మావా. తప్పెట కావాలన్నోల్లకి నీ ఫోన్ నంబరు ఇస్తాను. ట్రాకే కావాలంటే నిన్ను పిలిసి, నీ మనుషుల్తో వాయించి, ఆ ఒక్క పాటకే రికార్డు సేస్తాను. ఇంతకుముందు సేసినవి వెనక్కి తీసుకోలేను. అవి ఊళ్లన్నీ తిరిగీసినాయి.”

“నమ్మను,” అన్నాడు గంగరాజు.

“నమ్మొద్దు. వచ్చి సూడు.”

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. దసరా వెళ్లింది. గ్లోరీ దగ్గరికి వచ్చే బేరాల్లో కొన్ని తగ్గాయి. తప్పెట కోసం మనుషుల్ని పిలవాలంటే కుదరదని, కంప్యూటరు పెట్టెలో ఉన్నదే వెయ్యమని కొందరన్నారు. ఆమె వెయ్యనంది. వాళ్లు ఇంకోచోటికి పోయారు. ఇద్దరు ముగ్గురు కమిటీవాళ్లు మాత్రం నంబరు తీసుకుని నేరుగా గంగరాజుకే ఫోన్ చేశారు. ఆ ఫోన్లు వచ్చాకే ఆయన రాజాం వస్తానని కబురుపెట్టాడు.

డిసెంబరు మొదట్లో ఆరుగురు మనుషుల్తో వచ్చాడు. వెనక గది వాళ్లకి చాలదు. పెరట్లో పాత చాపలూ, దుప్పట్లూ దండేలకి కట్టి, మధ్యలో వాళ్లను నిలబెట్టింది. భాస్కర్ కూడా విజయనగరం నుంచి రెండు మైకులు పట్టుకుని వచ్చాడు. ఆమె పిలవలేదు, గంగరాజే పిలిచాడట. అతను ఇప్పటికీ ఆమెను మేడం అనే అంటాడు. పని విషయం తప్ప మాట్లాడడు. కానీ వైర్లు పరవడంలో, మైకు ఎత్తు సరిచూడటంలో పాతరోజుల్లో లాగే ఆమె చెప్పకముందే అతని చెయ్యి పడుతుంది. ఆమె కూడా అంతకుమించి అడగలేదు.

ఏడుగురూ గజ్జెలు కట్టుకుని, తప్పెటలు బిగించుకుని, గెంతుతూ వాయించారు. చాపలు అదిరాయి. పక్కింటివాళ్లు గోడెక్కి చూశారు. పెట్టెలోని గుళ్లు ఎప్పుడూ ఒక్క మనిషే కొట్టినట్టు ఉండేవి. ఇక్కడ ఒకరు రవ్వంత ముందు, ఒకరు రవ్వంత వెనక, ఆ తేడాలోంచే దరువుకి ఊపు వస్తోంది. గ్లోరీ హెడ్‌ఫోన్లు చెవులకి నొక్కుకుని కళ్లు మూసుకుంది.

పాట అయిపోయాక గంగరాజు చెమట తుడుచుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. మిగతావాళ్లు సరదాగా, ఊరికే, తప్పెటల మీద చేతులాడిస్తున్నారు.

“ఆ మైకు ఆపేసేవా?” అని అడిగాడు.

“ఆపేసేను మావా.”

ఆయన మైకు వైపు చూశాడు, మళ్లీ ఆమె వైపు చూశాడు. అలాగే నిలబడ్డాడు. గ్లోరీ లేచి వెళ్లి, మైకు నుంచి వైరు ఊడదీసి, దాని కొస ఆయన చేతిలో పెట్టింది. అప్పుడు ఆయన వెనక్కి తిరిగి, తన మనుషుల్తో మాటల్లో పడ్డాడు.

ఆ తర్వాత కూడా గంగరాజు ఏటా రెండు మూడుసార్లు వస్తూనే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా పాట కాగానే అదే మాట అడుగుతాడు. గ్లోరీ విసుక్కోకుండా ప్రతిసారీ వైరు ఊడదీసి ఆయనకిస్తుంది.